ముఖాముఖి పరీక్షకు ఇంటిలో సాధన

ఈ నడుమ మాకు వచ్చు ఉత్తరములలో ఒక చింత పలువిధముల కనబడుచున్నది. "మా అమ్మాయి ఇంజనీరింగు చదువు ముగించినది. ఎట్టి లెక్కనైనను తన గదిలో కూర్చుండి చేయగలదు. పెద్ద కంపెనీవారి యెదుట కూర్చుండగనే నోట మాట పెగలదు" అని ఒక తల్లి వ్రాయును. "బిడ్డ పుట్టిన పిమ్మట నాలుగేండ్లు ఉద్యోగము మానితిని. మఱల సాఫ్ట్‌వేర్ పనికి పోవలెనని యున్నది గాని, ఇంటర్వ్యూ యన్న మాట వినగనే గుండె జారిపోవుచున్నది" అని ఒక కోడలు వ్రాయును. "కోడలి చదువు మాకు తెలియదు. తెలియనివారము ఏమి సాయపడగలము?" అని ఒక అత్తగారు అడుగును.

ఈ మూడు ఉత్తరములకును మా ప్రత్యుత్తరము ఒక్కటియే. ఈ పరీక్షలో ఓడిపోవు అనేకులు విద్య చాలక ఓడిపోవుట లేదు. ఒకరు చూచుచుండగా ఆలోచింపజాలక ఓడిపోవుచున్నారు. చూపుల యెదుట ఆలోచించుట యనునది అభ్యాసమువలన అబ్బు విద్య. ఆ అభ్యాసమునకు మొదట వలసినది చెవి యొగ్గి వినెడు ఒక మనిషి. అట్టి మనిషి ప్రతి యింటను కలదు.

పరీక్ష యెట్లుండును?

ముందుగా ఈ పరీక్ష స్వరూపమును తెలిసికొందము. ఇది దూరదేశపు మాట కాదు. హైదరాబాదున హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్ భవనము 1998లో ప్రారంభమైనది. మైక్రోసాఫ్ట్ కంపెనీ ఆ యేడే ఆ నగరమున తన అభివృద్ధి కేంద్రమును నెలకొల్పెను. గూగుల్ 2004లో వచ్చెను. అమెజాన్ 2019లో అచ్చట తెఱచిన భవనము, ఆనాటికి ఆ కంపెనీకి లోకమందున్న భవనములన్నింటిలో పెద్దదని ప్రసిద్ధి కెక్కినది. మన యింటి పిల్లలు ఎట్టి పరీక్షకు పోవుచున్నారో మనకు తెలిసియుండుట మేలు.

మొదట తన చదువును, చేసిన పనిని తెలుపు పత్రమును పంపవలయును. దీనిని రెజ్యూమె అందురు. ఇది ఒకటి రెండు పుటలకు మించకుండుట మంచిది. అది నచ్చినయెడల కంపెనీవారు ఫోనులో మాటలాడుదురు. లేదా ఇంటినుండియే కంప్యూటరుపై వ్రాయదగిన చిన్న పరీక్ష నిత్తురు. దానిలో నెగ్గినవారికి ముఖాముఖి పరీక్షలు సాధారణముగా నాలుగైదు జరుగును. ఒక్కొక్కటి 45 నిమిషములు మొదలు ఒక గంట వఱకు సాగును. ఒక్కొక్కప్పుడు అన్నియు ఒకే దినమున జరుగుటయు కలదు.

ఇవి మూడు తీరులు. మొదటిది, ఒక సమస్య నిచ్చి దానికి ప్రోగ్రాము వ్రాయుమనుట. రెండవది, ఒక పెద్ద యేర్పాటును మొత్తముగా ఊహించి చెప్పుమనుట. పండుగ ముందు లక్షలమంది ఒక్కసారిగా రైలు టిక్కెట్లు కొనబోయినను ఆగిపోని యేర్పాటును ఎట్లు నిర్మింతువు? అను ప్రశ్న ఇట్టిది. దీనిని అనుభవము గలవారినే ఎక్కువగా అడుగుదురు. మూడవది, ఇదివఱకు చేసిన పనిని గూర్చియు, తోడివారితో మెలగిన తీరును గూర్చియు అడుగుట.

ఒకప్పుడు విమానములో ఎన్ని గోల్ఫు బంతులు పట్టును అను వంటి చిక్కు ప్రశ్నలను కూడ వేయుచుండిరి. గూగుల్ సంస్థలో సిబ్బంది వ్యవహారములకు అధిపతిగా నుండిన లాస్లో బాక్, అట్టి ప్రశ్నలు వట్టి కాలహరణమనియు, వానివలన అభ్యర్థి శక్తి తెలియదనియు 2013లో బహిరంగముగా చెప్పెను. కావున ఇంట నెవరైన పాత చిక్కు ప్రశ్నల పుస్తకమును తెచ్చియిచ్చినచో, దానిని పిల్లల వినోదమునకు విడుచుట మంచిది.

పరీక్షకుడు చూచునదేమి?

ప్రోగ్రాము వ్రాయుట యనిన ఏదో మంత్రవిద్యయని బెదరవలదు. అభ్యర్థులందఱును సాధారణముగా మొట్టమొదట అభ్యసించు సమస్య నొకదానిని మన సంసారపు భాషలో చెప్పుదుము. లీట్‌కోడ్ అను ప్రసిద్ధ అభ్యాసస్థానమున ఇదియే మొదటి సంఖ్యగల సమస్య.

ఒక దుకాణమున 1000 వస్తువులు గలవు. వాని ధరల పట్టిక మన చేత నున్నది. ఏ రెండు వస్తువుల ధరలు కలిపిన సరిగా 500 రూపాయలగునో చెప్పవలయును. ఎల్లవారికిని ముందుగా తోచు దారి యేమి? మొదటి వస్తువును తక్కిన 999 వస్తువులతో కూడి చూచుట, పిదప రెండవదానిని మిగిలినవానితో కూడి చూచుట, ఇట్లే తుదివఱకు పోవుట. దారి సరియైనదే. కాని ఇందు 4,99,500 జతలను చూడవలసి వచ్చును.

మేలైన దారి వేఱొకటి కలదు. గళ్ళుగల పెట్టె నొకదానిని చెంత నుంచుకొని, ఒక్కొక్క ధరకు ఒక్కొక్క గడి నేర్పఱచి, పట్టికను పైనుండి క్రిందికి ఒక్కమాఱే చదువుదము. 180 రూపాయల వస్తువు కనబడగనే, "దీనికి జత 320. ఆ గడిలో ఇదివఱకే చీటి యున్నదా?" అని చూతము. ఉన్నచో జవాబు దొరకినట్లే. లేనిచో 180 గడిలో ఒక చీటి వేసి ముందునకు పోదము. ఇట్లు ఎక్కువలో ఎక్కువ 1000 మాఱులు చూచిన చాలును. కాలము ఎంతయో కలిసివచ్చినది. అందులకై పెట్టె యొకటి వెచ్చమైనది. ఈ గళ్ళపెట్టెనే ప్రోగ్రాములు వ్రాయువారు హాష్ టేబుల్ అందురు.

మఱియొక ఉదాహరణము. 1024 పుటల నిఘంటువులో ఒక పదమును వెదకవలయును. మొదటి పుటనుండి త్రిప్పుకొనుచు పోవువారుండరు. నడుమకు తెఱచి, పదము ముందు సగమున నుండునో వెనుక సగమున నుండునో చూచి, అవసరము లేని సగమును విడుతుము. ఇట్లు సగము సగము చేసికొనుచు పోయిన పదిమాఱులలో కావలసిన పుట చేతికి వచ్చును. పది లక్షల పేర్లు అకారాదిగా నున్నను ఇరువదిమాఱులు చాలును. దీనిని బైనరీ సెర్చ్ అందురు. మనము ప్రతిదినము చేయు పనికే వారు పెట్టిన పేరిది.

ఇక పరీక్షకుడు ఏమి చూచును? కేవలము తుది జవాబును కాదు. అభ్యర్థి ముందుగా ప్రశ్నను శోధించినదా? 250 రూపాయల వస్తువు నొకదానినే రెండుమాఱులు లెక్కింపవచ్చునా, ఏ జతయు కుదరనిచో ఏమి చెప్పవలయును అని అడిగినదా? తోచిన మొదటి దారిని దాచక చెప్పి, దాని వెచ్చమును లెక్కగట్టినదా? పిదప మేలైన దారిని వెదకినదా? ప్రోగ్రాము వ్రాసిన తరువాత చిన్న పట్టిక నొకదానిని తీసికొని చేతితో నడపి సరిచూచినదా? ఈ నడకనంతయు అతడు చెవులతో వినగోరును. అభ్యర్థి పైకి చెప్పుచు పోయినచో, దారి తప్పినచోట అతడొక సూచన నీయగలడు. మౌనముగా నున్నవారికి ఇయ్యదలచినను ఈయజాలడు. ఎచ్చట చిక్కుకొనిరో అతనికి తెలియదు గదా! ఈ పరీక్షలో మౌనమువలన కలుగు నష్టము ఇంతటిది.

చూపుల బరువు

2020లో అమెరికాయందలి నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయమువారును, మైక్రోసాఫ్ట్ పరిశోధకులును కలిసి ఒక పరిశీలనమును ప్రకటించిరి. 48 మంది విద్యార్థులను రెండు తెగలుగా చేసిరి. ఒక తెగవారు పరీక్షకుడు చూచుచుండగా బల్లపై వ్రాయుచు, తమ ఆలోచనను పైకి చెప్పుచు సమస్యను సాధింపవలయును. రెండవ తెగవారిని ఒక గదిలో ఒంటరిగా విడిచిరి. చూచువారున్నచోట సాధించు శక్తి సగమునకు పైగా తగ్గిపోయెను. ఇంకను గమనింపదగినది యొకటి. పరీక్షకుని యెదుట నిలిచిన స్త్రీలలో ఒక్కరును సమస్యను సాధింపలేకపోయిరి. ఒంటరిగా చేసిన స్త్రీలందఱును సాధించిరి.

అందు పాల్గొన్న స్త్రీల సంఖ్య స్వల్పము. దానినిబట్టి స్త్రీజాతికంతకును ఒక సిద్ధాంతము చేయుట తగదు. ఐనను ఆ పరిశీలనము చెప్పుమాట మన యిండ్లకు మిక్కిలి దగ్గఱగా నున్నది. విద్య వారియొద్దనే యుండెను. చూపుల బరువుక్రింద అది వెలికి రాలేదు.

మన పిల్లలను మనమెట్లు పెంచితిమో ఒకమాఱు తలచుకొందము. పదిమందిలో గట్టిగా మాటలాడవలదంటిమి. పెద్దలు అడిగినదానికి మాత్రమే బదులు చెప్పుమంటిమి. పెండ్లిచూపుల చాపపై తల వంచుకొని కూర్చుండుమంటిమి. ఎదుటివారు చూచుచున్నపుడు తగ్గియుండుటయే మర్యాదయని ఇరువదియేండ్లు నేర్చిన బిడ్డ, ఒక్కనాటి యుదయమున తల యెత్తి, "నేను ఇట్లు తలచుచున్నాను; ఇందు ఈ లోపమున్నది; కావున ఈ దారి పట్టుచున్నాను" అని తడబడక చెప్పవలెనన్న ఎట్లు చెప్పగలదు? ఆమె భయపడినదని కోపగించుట న్యాయము కాదు. ఆ భయమును మనమే నేర్పితిమి; దానిని మాన్పుటయు మన పనియే.

వినువారు పాటింపవలసిన నియమములు

సాధన యెట్లు చేయవలయునో చెప్పుదుము. వారమునకు మూడు దినములు, ఒక్కొక్క దినము 45 నిమిషములు చాలును. వినువారు తల్లి కావచ్చును, అత్తగారు కావచ్చును, భర్త, తండ్రి, ఆడుబిడ్డ, ఎవరైనను కావచ్చును. ప్రోగ్రాముల చదువు వినువారికి రానక్కఱలేదు.

మొదటి నియమము: గడియారమును ఎదుట పెట్టుకొని ఎదురెదురుగ కూర్చుండవలెను. ఫోనులు మఱొక గదిలో నుంచవలెను. అభ్యర్థి కాగితముపై గాని, మాటలను తానే పూరించి సాయపడు ఉపకరణములు లేని తెరపై గాని వ్రాయవలెను.

రెండవ నియమము: సమస్యను చదివినవెంటనే దానిని ఆమె తన మాటలతో వినువారికి చెప్పవలెను. మొదటి పదిదినములు తెలుగుననే చెప్పనిండు. భావము నిలకడ చెందిన పిమ్మట ఇంగ్లీషున చెప్పనిండు. పరీక్ష ఇంగ్లీషున జరుగునని మొదటినుండియు రెండు భారములను ఒక్కమాఱే మోపవలదు.

మూడవ నియమము: వినువారు పలుకవలసినవి మూడే మాటలు. "ఇప్పుడేమి చేయుచున్నావు?" "అది యేల?" "వేఱొక దారి కలదా?" ఆమె ఒక నిమిషము మౌనముగా నున్నచో మొదటి మాట అడుగుడు. ఆమె ఏదైన నిశ్చయించినపుడు రెండవది. ముగించినపుడు మూడవది.

నాలుగవ నియమము: నిట్టూర్పు విడువరాదు, కనుబొమలు ముడువరాదు, ఎదురింటివారి పిల్లను తలపెట్టరాదు. ఆమె చిక్కుపడినపుడు జాలిపడి, "పోనీలే తల్లీ, రేపు చూతము" అని లేవనీయరాదు. చిక్కుపడి, ఆ చిక్కునుండి తానే తేరుకొనుటయే ఈ సాధనలో ముఖ్యభాగము.

ఐదవ నియమము: సమయము కాగానే ఆమె మొదట తాను చేసినదానిలోని మంచిచెడ్డలను చెప్పవలెను. పిదప వినువారు, "ఇచ్చట నాకు తెలియలేదు" అని ఒకటి రెండు చోట్లు చూపవలెను. ఈ చిన్నమాట పండితుల విమర్శకంటె ఎక్కువ మేలు చేయును. తెలియనివారికి తెలియునట్లు చెప్పగలిగినది, తెలిసినవారి యెదుట తడబడదు.

ఇట్లు కొన్ని వారములు గడచిన పిమ్మట, ఆ వృత్తిలోనే యున్న స్నేహితురాలినో బంధువునో బ్రతిమాలి, చివర రెండు మూడు మాఱులు వారిచేత నిజమైన పరీక్షవలె చేయింపుడు. ఇంట అలవాటైన ధైర్యము అచ్చట నిలుచునో నిలువదో తెలిసిపోవును.

మూడు మాసముల క్రమము

దినమునకు రెండు గంటల చొప్పున మూడు మాసములు చదువుట ఎక్కువమందికి సాధ్యమైన క్రమము. పైథాన్, జావా, సి ప్లస్ ప్లస్ అను భాషలలో చేతికి బాగుగ వచ్చినదాని నొక్కదానినే పట్టుకొనవలయును. మూడింటిలో మూడు వాక్యములు వచ్చుటకంటె ఒకదానిలో నిద్రలో లేపి అడిగినను వ్రాయగలుగుట మేలు.

మొదటి మాసమున వరుసలు, అక్షరమాలికలు, పైన చెప్పిన గళ్ళపెట్టె, ఒకదానిపై నొకటి పేర్చిన పళ్ళెములవలె కడపట పెట్టినదానినే ముందుగా తీయు స్టాక్, రేషన్ దుకాణపు వరుసవలె ముందు వచ్చినదానినే ముందు పంపు క్యూ, వీనిని నేర్వవలెను. రెండవ మాసమున వంశవృక్షమువలె కొమ్మలు సాగు ట్రీలు, ఊళ్ళను దారులను బోలిన గ్రాఫులు, పెద్ద సమస్యను చిన్న సమస్యలుగా త్రుంచి ఒకమాఱు చేసినదానిని మఱల చేయకుండ దాచుకొను డైనమిక్ ప్రోగ్రామింగ్. మూడవ మాసమంతయు ముఖాముఖి అభ్యాసమునకును, తన్ను గూర్చి చెప్పుకొనుటకును కేటాయింపవలెను. అనుభవము గలవారు పెద్ద యేర్పాట్ల నిర్మాణమునకు ఇందుండి కొన్ని దినములు తీయవలెను.

గేల్ లాక్‌మన్ మెక్‌డోవెల్ అను విదుషి వ్రాసిన "క్రాకింగ్ ది కోడింగ్ ఇంటర్వ్యూ" అను గ్రంథము ఈ విషయమున ప్రసిద్ధము. 2015లో వెలువడిన దాని ఆఱవ కూర్పులో 189 సమస్యలు గలవు. ఇట్టి పుస్తకము నొకదానిని ఉంచుకొనుట మంచిదే. కాని 189 జవాబులను వల్లెవేయుట వలదు. పరీక్షకుడు సమస్యను కొంచెము మార్చినచో వల్లెవేసినది అక్కఱకు రాదు. మార్చకున్నను, వల్లెవేసినదని అతడు ఇట్టే కనిపెట్టును. ఒక సమస్యను నేడు చేసి, మూడు దినముల పిమ్మట చూడకుండ చేసి, రెండు వారముల పిమ్మట మఱల చేయుడు. తప్పిన ప్రతిచోటును ఒక నోటుపుస్తకమున, "ఇచ్చట ఖాళీ పట్టికను మఱచితిని" అని ఒక్క వాక్యములో వ్రాసికొనుడు. పరీక్షకు ముందురోజు చదువవలసినది ఆ నోటుపుస్తకమే.

తన్ను గూర్చి చెప్పుట

మూడవ తీరు పరీక్షను మనవారు తేలికగా చూతురు. అది తప్పు. అమెజాన్ కంపెనీవారు తమ ఉద్యోగులు పాటింపవలసిన సూత్రములను అచ్చువేసి యుంచినారు. 2021లో రెండు చేరి అవి 16 అయినవి. ఇంటర్వ్యూలలో ఆ సూత్రములకు తగిన అనుభవములను అడుగుదురు. ఏ కంపెనీకి పోవువారైనను తమ పనిలో జరిగిన ఆఱేడు సంగతులను ముందుగా సిద్ధము చేసికొనవలెను. గడువు తప్పబోయిన పని, తోడివారితో వచ్చిన భేదాభిప్రాయము, తాను చేసి దిద్దుకొన్న పొరపాటు, ఎవరును చెప్పకుండ తానే పూనుకొన్న పని, ఇట్టివి. ఉద్యోగము చేయని విద్యార్థినులు కళాశాలలో చేసిన పనినుండి చెప్పవచ్చును. ప్రతి సంగతిని నాలుగు భాగములుగ చెప్పుట మంచిది: సందర్భమేమి, తన బాధ్యతయేమి, తాను చేసినదేమి, ఫలితమేమి. మూడు నిమిషములకు మించరాదు.

ఇందు మన స్త్రీలకు ఒక అడ్డంకి కలదు. పది చేతుల పనిని తామొక్కరే చేసినను "మేము చేసితిమి" అందురు. వినయము మంచిదే. కాని పరీక్షకుడు ఆ పదిమందిని ఉద్యోగములోనికి తీసికొనుట లేదు. పత్రికలో మావంటివారు "మేము" అని వ్రాయుట ఆచారము. పరీక్షలో మాత్రము తాను చేసినదానిని "నేను చేసితిని" అనియే చెప్పవలెను. అది గర్వము కాదు, సాక్ష్యము.

బిడ్డలకొఱకో పెద్దల రోగమువలననో పని మానినవారు ఆ సంగతిని దాచవద్దు, క్షమాపణము చెప్పుకొనవద్దు. "ఇన్నేండ్లు కుటుంబకారణమున పని మానితిని. ఈ యాఱు మాసములనుండి మఱల అభ్యసించుచు, ఈ చిన్న ప్రోగ్రామును నిర్మించితిని" అని రెండు వాక్యములు చాలును. రెండవ వాక్యము నిజముగ నుండుటకై చిన్నదైనను ఒక పనిని ముగించి యుంచుకొనవలెను. టాటావారు 2008లోనే ఇట్టి స్త్రీలకై ప్రత్యేకముగా ఒక పథకమును ఆరంభించిరి. అటుతరువాత మఱికొన్ని పెద్ద కంపెనీలును ఆ దారి పట్టినవి. అర్జీ పెట్టుటకు ముందు అట్టి ప్రవేశద్వారము కలదేమో ఆ కంపెనీవారి ప్రకటనలలో చూడుడు.

ఇంటివారితో ఒక మాట

రెండు గంటలని మేము సులభముగ వ్రాసితిమి. ఆ రెండు గంటలు ఎచ్చటనుండి వచ్చును? వంట ముగించి, పిల్లలను నిద్రపుచ్చి, అంట్లు సర్ది, రాత్రి పదకొండు గంటలకు కన్నులు మూతపడుచుండగా తీసిన రెండు గంటలు చదువునకు పనికిరావు. కుమారుడు పరీక్షకు చదువుచున్నాడన్న ఇల్లంతయు అడుగుల చప్పుడు కూడ లేకుండ తిరుగును. కోడలు చదువుచున్నదన్న, కుక్కరు కూత కూసినదని ఆమెనే పిలుతురు. ఈ భేదము తొలగనంతవఱకు ఏ పుస్తకమును ఏ గురువును ఆమెకు సాయపడజాలరు. అత్తగారు సాయంకాలపు వంటను, భర్త పిల్లల చదువును మూడు మాసములు పంచుకొన్నచో, అది కోడలికి ఇచ్చు నగకంటె విలువగలది.

ఇది స్త్రీలకు తగిన పనియా అని ఇప్పటికిని సందేహించు పెద్దలకు ఒక సంగతి చెప్పుదుము. 1946లో అమెరికాలో లోకమునకు చూపబడిన ఎనియాక్ అను పెద్ద కంప్యూటరునకు మొట్టమొదట ప్రోగ్రాములు సమకూర్చినవారు ఆఱుగురు స్త్రీలు. ఈ వృత్తికి పునాది వేసినవారిలో స్త్రీలు మొదటినుండియు కలరు.

మోసగాండ్రు

ఆతురతగలవారి చుట్టును మోసగాండ్రు చేరుదురు. "ఇన్ని లక్షలిచ్చిన దొడ్డిదారిని ఉద్యోగమిప్పింతుము" అనువారిని, శిక్షణకనియు, ధరావతుకనియు, కంప్యూటరు పంపుటకనియు ముందుగా సొమ్మడుగువారిని నమ్మవలదు. పేరుగల కంపెనీ యేదియు ఉద్యోగమిచ్చుటకు అభ్యర్థినుండి సొమ్ము తీసికొనదు. ఉత్తరువు వచ్చినచో ఆ కంపెనీవారి సొంత వెబ్‌సైటు మూలముగ విచారించి సరిచూచుకొనుడు. ఒకరికి బదులుగా మఱొకరు ఇంటర్వ్యూలో కూర్చుండుట, లేని అనుభవమును పత్రమున వ్రాయుట కూడ మోసమే. కృత్రిమ మేధను చాటుగా తెఱచుకొని అది చెప్పిన జవాబును చదువుటయు అట్టిదే. ఇవి బయటపడినచో ఉద్యోగము పోవుటయే గాక పేరును చెడును. కొన్ని కంపెనీలు ఆ సాధనమును వాడనిత్తురు, కొన్ని వాడనీయవు. ముందుగానే అడిగి తెలిసికొనుట మర్యాద.

పరీక్షదినమును, ఫలితమును

ఇంటినుండియే పరీక్ష జరుగునపుడు, తలుపు మూసికొనదగిన గది, వెలుగు ముఖముపై పడునట్లు కుర్చీ, చేతికందు నీరు, కాగితము, కలము సిద్ధముగ నుండవలెను. కరెంటు పోయినచో ఫోనునుండి ఇంటర్నెట్టు పొందు ఏర్పాటును ముందురోజే చూచుకొనుడు. ఆ గంటసేపు మిక్సీ, టి.వి., ఇరుగుపొరుగువారి పలుకరింపులు మానిపించుట ఇంటివారి వంతు. తుదిని పరీక్షకుడు, "మీరేమైన అడుగుదురా?" అనును. ఏమియు లేదనక, "ఈ జట్టులో క్రొత్తగా చేరినవారు మొదటి మాసములలో ఏ పని చేయుదురు?" అను వంటి ప్రశ్న నొకటి అడుగుట మంచిది.

ఇక ఫలితము. పెద్ద కంపెనీలు తగనివారిని పొరపాటున తీసికొనుటకంటె తగినవారిని పొరపాటున విడుచుటయే తక్కువ నష్టమని ఎంచుచుండును. కావున తగినవారును తిరస్కరింపబడుదురు. హోమ్‌బ్రూ అను ప్రసిద్ధ సాధనమును నిర్మించిన మ్యాక్స్ హొవెల్, తాను బల్లపై ఒక చిక్కు సమస్యను వ్రాయలేకపోయినందున గూగుల్‌వారు తన్ను వలదనిరని 2015లో లోకమునకు చెప్పుకొనెను. ఆయన సాధనమును నేటికిని అనేకులు వాడుచునే యున్నారు. కొన్ని నెలలు గడచిన పిదప అదే కంపెనీకి మఱల అర్జీ పెట్టవచ్చును. రెండవమాఱో మూడవమాఱో నెగ్గినవారు ఎందఱో కలరు.

"వలదు" అని ఉత్తరము వచ్చిన సాయంకాలమున ఇంటివారు పలుకు మొదటి మాటను ఆ బిడ్డ చిరకాలము మఱువదు. "నీకేల ఈ ఉద్యోగము, ఆ సంబంధమునే చూతము" అను మాటయు, "నాలుగేండ్లు ఇంట కూర్చున్నదానికి ఎవరిత్తురు?" అను మాటయు ఆ వేళ నోటినుండి రాగూడదు. ఆమెకు అన్నము పెట్టి, ఆమె తేరుకొనిన పిమ్మట, "ఏ ప్రశ్న అడిగిరి? నాకు చెప్పుము, విందును" అనుడు. ఆ రాత్రియే మఱుసటి పరీక్షకు సాధన మొదలగును.

సోదరీమణులారా! మనలో పెక్కండ్రకు ఈ విద్య రాదు. నేర్చుకొను వయస్సు దాటినదని కొందఱు అనుకొనుచుందురు. వినుటకు వయస్సు లేదు. ఈ వారమున ఒక సాయంకాలము గడియారమును ముందుంచుకొని, మీ కూతును గాని కోడలిని గాని ఎదుట కూర్చుండబెట్టుకొని, "నాకేమియు తెలియదు, నాకు తెలియునట్లు చెప్పుము" అని యడుగుడు.